మొగుడు లేని ఎనిమిదేండ్లు కూలోళ్ళకు దుడ్లు ఎవరిచ్చినారు?

ప్రశ్న: "మా అమ్మానాన్నలు మొదటిసారి సిడ్నీ వస్తున్నారు. ఇద్దరూ వ్యవసాయం చేసినవాళ్ళే. ఆపెరా హౌస్, బ్లూ మౌంటెన్స్ కాకుండా వాళ్ళకు నిజంగా నచ్చే చోటు ఏదైనా ఉందా?"

ఉంది. ఎలిజబెత్ ఫార్మ్‌కు తీసుకెళ్ళండి, ఇప్పుడది మ్యూజియం. పారమట్టా పక్కన రోజ్‌హిల్‌లో, ఆలిస్ స్ట్రీట్ మీద ఉంటుంది. మన హోటళ్ళుండే హారిస్ పార్క్ పేటలో దోసె తిని అక్కడినుంచి నడిచి వెళ్ళొచ్చు. మనవాళ్ళు వందలమంది ప్రతి శనివారం విగ్రమ్ స్ట్రీట్‌లో టేబుల్ కోసం గంటసేపు నిలబడతారు. అంత దగ్గర్లో 1793లో మొదలుపెట్టిన రైతు ఇల్లు ఉందని చెబితే చాలామంది "అవునా?" అంటారు. నేనూ ఆరేళ్ళు ఆ దగ్గర్లోనే వెస్ట్‌మీడ్‌లో ఉండి కూడా అటు వెళ్ళలేదు. అమ్మ వచ్చాకే వెళ్ళాను.

మాది కడప జిల్లా. అమ్మా నాయనా 2023లో జూన్ చివర వచ్చారు, ఇక్కడ చలికాలం. అందరం చేసేదే మేమూ చేశాం. మొదటి వారం ఆపెరా హౌస్. మెట్ల మీద ఒక ఫోటో, బ్రిడ్జి కనపడేలా ఇంకో ఫోటో, వాట్సాప్‌లో పెట్టగానే ఊళ్ళోంచి బొటనవేళ్ళు. అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఆ మెట్లెక్కి దిగినందుకు రెండురోజులు కాళ్ళు వాచాయి. రెండో వారం బ్లూ మౌంటెన్స్. మంచు కమ్మేసి కొండలే కనపడలేదు. ఆ తర్వాత మా ఆయనా నేనూ ఆఫీసులకు పోవడం, పాప స్కూలుకు పోవడం, వాళ్ళిద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద వచ్చేపోయే కార్లు చూడటం. ఎండలో తిరిగిన మనుషులను తీసుకొచ్చి నాలుగు గోడల మధ్య పెడతాం, ఆపైన "అమ్మ ఇక్కడ హ్యాపీగా ఉంది" అని అందరికీ చెబుతాం. ఈ విషయంలో నాకు చాలా బాధ ఉంది. మీరు ఈ ప్రశ్న అడిగారంటేనే మీకు ఆ ఆలోచన ఉన్నట్టు. అది చూసి సంతోషమేసింది.

ఒక ఆదివారం ఏమీ తోచక ఎలిజబెత్ ఫార్మ్‌కు బయల్దేరాం. "పాత కొంప చూడ్డానికా?" అన్నాడు నాయన. లోపలికి పోగానే అమ్మ అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుంది. మన దగ్గర మ్యూజియం అంటే అదే కదా. తాడు కట్టి ఉంటుంది, 'తాకరాదు' అని బోర్డు, పక్కన కుర్చీలో ఒకాయన, మనం గాజు మీద వేలు పెడితే గద్దిస్తాడు. ఇక్కడ తాళ్ళు లేవు. ఈ ఇల్లు కట్టుకున్న మెకార్థర్ కుటుంబం వాడిన సామానుకు నకళ్ళు చేయించి గదుల్లో పెట్టారు. కుర్చీలో కూర్చోవచ్చు, సొరుగు లాగి చూడొచ్చు, పియానో మెట్లు నొక్కొచ్చు. అక్కడున్న పెద్దావిడ, వాలంటీరు, అమ్మకు కుర్చీ చూపించి కూర్చోమని సైగ చేసింది. అమ్మ నా మొహం చూసింది. నేను తలూపాక చీర సర్దుకుని మెల్లిగా కూర్చుంది. పాప అప్పటికే పక్కగదిలో మంచమెక్కేసింది.

కూర్చున్నాక అమ్మ మొహమే మారిపోయింది. అప్పటిదాకా ఎక్కడికి తీసుకుపోయినా "బాగుంది పాపా" అనేసి ఊరుకునేది. ఇక్కడ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎంత పొడుగు ఈ ఇల్లు? గోడ ఇటుకదా, మట్టిదా? వంటిల్లు యాడ? నేను ఇంగ్లీషులో అడగడం, ఆవిడ చెప్పడం, మళ్ళీ నేను తెలుగులో చెప్పడం. ఇల్లు కట్టిన జాన్ మెకార్థర్ 1794లో రాసిన ఉత్తరంలో కొలతలున్నాయి. 68 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, ఇటుక ఇల్లు, మేడ లేదు, నాలుగు గదులు, ఒక హాలు, వంటిల్లు విడిగా. అమ్మ గది అడ్డంగా నడిచి అడుగులు లెక్కపెట్టింది. "మన మిద్దె అడ్డం కూడా ఇంతే" అంది.

మా మిద్దె గురించి చెప్పకుండా ముందుకు పోలేను. చౌడుమట్టి మిద్దె, కింద దంతెలు, నడిమింట్లో గవాక్షం, నేలంతా కడప బండలు. మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది. 2009లో పడగొట్టి కాంక్రీటు ఇల్లు కట్టాం. నేనే పట్టుబట్టాను, అటాచ్డ్ బాత్రూం కావాలని. వాకిలి తలుపులు, చెక్కడాలున్న ద్వారబంధంతో సహా, పాతసామాన్ల వ్యాపారి కొనుక్కుపోయాడు. ఎంతకిచ్చామో ఇక్కడ రాయడానికి సిగ్గేస్తుంది. అలాంటి తలుపులు ఇప్పుడు హోటళ్ళలో అలంకారానికి పెడుతున్నారు. మన దగ్గర గురజాడ వారి ఇల్లు విజయనగరంలో కాపాడుకున్నారు. రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లుంది. కడపలో బ్రౌన్ దొర బంగళా కూలిపోయిన చోట గ్రంథాలయం కట్టారు. అన్నీ మంచి పనులే. కానీ కవి ఇల్లు, సంస్కర్త ఇల్లు, దొర ఇల్లు. గాదె, పాతర, కాడి మాను, పశువుల కొట్టంతో సహా ఒక రైతు ఇల్లు ఉన్నదున్నట్టు నిలబెట్టింది రాయలసీమలో నేనైతే ఒక్కటీ చూడలేదు. ఇంతమంది రైతులున్న చోట ఇది చాలా తప్పు.

సరే, అసలు విషయానికి వస్తాను. వాలంటీరమ్మ కథ చెబుతోంది. జాన్ మెకార్థర్ సైనిక అధికారి. అతనికి 1793లో 100 ఎకరాలు ఇచ్చారు. భార్య పేరే పొలానికి పెట్టాడు. 1801లో పై అధికారితో పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధం చేసి ఆయన్ను గాయపరిస్తే విచారణకని ఇంగ్లండుకు పంపేశారు. నాలుగేళ్ళకు తిరిగొచ్చాడు. 1808 జనవరి 26న సైన్యం ఇక్కడి బ్రిటిష్ గవర్నర్ బ్లైను పదవి నుంచి దించేసింది, ఆ గొడవలో ఇతనిదే ముఖ్యపాత్ర. దానితో 1809లో మళ్ళీ ఇంగ్లండు పోయి, వస్తే ఇక్కడ అరెస్టు చేస్తారని 1817 దాకా అక్కడే ఉండిపోయాడు.

నేను తెలుగులో ఇదంతా చెబుతుంటే అమ్మ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఆపి అడిగింది. "మొగుడు లేని ఎనిమిదేండ్లు ఈడ కూలోళ్ళకు దుడ్లు ఎవరిచ్చినారు?"

వాలంటీరమ్మకు ఈ ప్రశ్న తర్జుమా చేస్తే ఆమె నవ్వి అమ్మ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెనే ఇచ్చింది, అంది. ఎలిజబెత్. పనికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లండు నుంచి శిక్షపడి వచ్చిన ఖైదీలు. వాళ్ళకు తిండి, బట్ట చూడాలి. శిక్ష తీరినవాళ్ళకు కూలి ఇవ్వాలి. గోధుమ, మొక్కజొన్న, గొర్రెలు, ఉన్ని కత్తిరించి ఓడకెక్కించడం, సిడ్నీకి నైరుతిలో కామ్డెన్ వైపున్న మందల లెక్క, పిల్లల చదువులు, అన్నీ ఆమే చూసుకుంది. మొగుడికి ఉత్తరం రాస్తే చేరడానికే సుమారు ఆరు నెలలు. జవాబుకు ఇంకో ఆరు నెలలు. "ఏ పొట్టేలును ఏ గొర్రెకు దాటించాల?" అని అడిగి జవాబు కోసం కూర్చుంటే ఏడాది పోతుంది. కాబట్టి నిర్ణయం ఆమెదే.

అమ్మ వెంటనే నాయన వైపు చూసింది. నాయన కువైట్‌లో 1992 నుంచి 2000 దాకా ఉన్నాడు. సరిగ్గా ఎనిమిదేళ్ళు. మధ్యలో రెండుసార్లు వచ్చిపోయాడు. మా నాలుగెకరాలు, రెండు బర్రెలు, జేజి (నాయనమ్మ), నేను, తమ్ముడు, అన్నీ అమ్మ నెత్తిన.

"నేను డ్రాఫ్టు పంపేవాణ్ణి గదా" అన్నాడు నాయన.

"డ్రాఫ్టు వచ్చేదాంక?" అంది అమ్మ.

నాయన మాట్లాడలేదు. ఆమె గొంతులో కోపం లేదు. ఇరవై మూడేళ్ళుగా ఎవరైనా అడిగితే చెబుదామని దాచుకున్న లెక్క అది, అంతే. ఆ వరండాలోకొచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. వరండా అనే మాట మన ఇండియా నుంచే ఇంగ్లీషులోకి పోయిందని నేను మధ్యలో చెప్పబోతే "నువ్వుండు పాపా" అంది.

ఒక ఏడాది శెనక్కాయ వేసినాము, అంది. మోటారుకు కరెంటు రాత్రి రెండింటికి ఇచ్చేవాళ్ళు. బ్యాటరీ లైటు పట్టుకుని ఒక్కతే బోరు దగ్గరకు పోయి స్టార్టరు వేసి, మడవ మార్చి, తెల్లవారేదాకా గట్టుమీద కూర్చునేది. నేను, తమ్ముడు నిద్రపోతుండగా బయట గొళ్ళెం పెట్టి పోయేదట. మాకు తెలియనే తెలియదు. పక్క చేనాయన మగదిక్కు లేదని గట్టు మూడడుగులు ఇటు జరుపుకున్నాడు. అమ్మ ఊరి పెద్దమనుషులను పిలిచి, తాడు పట్టించి కొలిపించింది. పంటరుణానికి బ్యాంకుకు పోతే పట్టాదారు రావాలన్నారు. పట్టాదారు కువైట్‌లో ఉన్నాడు సార్, అంటే ఆయన వచ్చాకే రామ్మా, అన్నారు. విత్తనానికి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. ఎరువుకు దుడ్లు లేక గొర్రెలోళ్ళను బతిమాలి మూడు రాత్రులు చేలో మంద కట్టించింది. అందుకు ఇవ్వాల్సిన ధాన్యం జేజి గాదెలోంచి తీసిచ్చింది.

నాయనకు ఉత్తరాలు రాసేది నేను. అమ్మ చెబుతుంటే రెండో తరగతి అక్షరాలతో రాసేదాన్ని. "ఇక్కడ అందరం క్షేమం. పంట బాగుంది." అదే రాయించేది ప్రతిసారీ. గట్టు గొడవ, కమ్మలు, రాత్రి కరెంటు, ఏదీ నా చేత రాయించలేదు. ఆరోజు ఆ వరండాలో వింటున్నప్పుడు నేను రాసిన ఉత్తరాలన్నీ అబద్ధాలని తెలిసింది.

ఎలిజబెత్‌దీ అలాంటి కథే. 1804 మార్చిలో క్యాసిల్ హిల్ దగ్గర ఖైదీలు తిరగబడ్డారు. పారమట్టా మీదికి వస్తున్నారని తెలిసి ఆ రాత్రి పిల్లలను తీసుకుని నది మీద పడవలో సిడ్నీకి పోయింది. అప్పుడూ మొగుడు ఇంగ్లండులోనే. అంతకుముందు 1790లో ఇక్కడికి వచ్చే ఓడలో పుట్టిన బిడ్డ దారిలోనే చనిపోయింది. వచ్చాక 1850లో చనిపోయేదాకా అరవై ఏళ్ళు, ఒక్కసారీ పుట్టింటికి పోలేదు. ఇది చెప్పినప్పుడు అమ్మ "అయ్యో" అని కుర్చీ చెయ్యిని రెండుసార్లు నిమిరింది. ఏడాదికోసారి టికెట్టు కొనుక్కుని పోతూ కూడా 'మిస్సింగ్ హోమ్' అని స్టేటస్‌లు పెట్టుకునే మనం ఈవిడ కథ వినాలి.

గొర్రెల సంగతి కూడా చెబితేనే మీ నాన్నగారికి పూర్తిగా నచ్చుతుంది. మా నాయన అప్పుడే మళ్ళీ నోరు తెరిచాడు. మెకార్థర్ మొదట కొన్న గొర్రెలు మెరినోలు, అంటే మెత్తటి ఉన్నికి పేరున్న జాతి, కావు. కలకత్తా నుంచి వచ్చిన బెంగాల్ గొర్రెలు, పిల్లలతో కలిపి 60. వాటికి ఉన్ని ఉండదు, వెంట్రుకే. వాటిని ఐర్లండు జాతితో దాటిస్తే పుట్టిన పిల్లలకు వెంట్రుక, ఉన్ని కలిసి వచ్చాయి. అది చూసే ఉన్ని మీద పడ్డాడు. మెరినోలు దక్షిణాఫ్రికా కేప్ నుంచి 1797లో వచ్చాయి. "మన నెల్లూరు గొర్రెకు కూడా ఉన్ని యాడుంటాది, బొచ్చే" అన్నాడు నాయన. గొంగడి నేసేది దక్కనీ గొర్రె ఉన్నితో అని, దాని బొచ్చు గరుకని, ఇదంతా నాకు చెప్పి "ఆమెకు చెప్పు" అన్నాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. ఒక రైతు మాట ఇంత మర్యాదగా ఒక మ్యూజియంలో వినడం నేను మొదటిసారి చూశాను.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాల్సిన మాట. ఆస్ట్రేలియా ఉన్ని పరిశ్రమకు పితామహుడని పేరు జాన్ మెకార్థర్‌కు. 1966లో వచ్చిన రెండు డాలర్ల నోటు మీద అతని బొమ్మ, పక్కన మెరినో పొట్టేలు. 1988 దాకా ఆ నోటు నడిచింది. మందలు పెరగాల్సిన రోజుల్లో పన్నెండేళ్ళు అతను దేశంలోనే లేడు. పెంచింది ఎలిజబెత్. మా పాసుపుస్తకంలో నాయన ఫోటో ఉన్నట్టే నోటు మీద అతని బొమ్మ. అతను లండన్‌లో ఉన్నికి మార్కెట్ తెచ్చాడు, ఇంగ్లండు రాజుగారి మందలోని మెరినోలు కొని 1805లో ఓడమీద తీసుకొచ్చాడు, కాదనను. మా నాయన పంపిన డ్రాఫ్టులతోనే నేను చదువుకున్నాను, అదీ కాదనను. కానీ సేద్యం అంటే రోజూ ఉండి చేసేది. చేనును, మందను రోజూ చూసినవాళ్ళే రైతు. మన ఊళ్ళలో నాట్లు, కలుపు, కోత, పాడి అన్నీ ఆడవాళ్ళు చేస్తారు, రైతు ఎవరంటే మాత్రం మగాయన పేరు చెబుతారు. పట్టా ఆయన పేరు, రుణం ఆయన పేరు. రెండువందల ఏళ్ళ కింద పారమట్టాలోనూ ఇదే, కడపలోనూ ఇదే.

చివరికి ఇల్లు నిలబడిందీ ఆడవాళ్ళ వల్లే. 1881లో ఎస్టేటును అమ్మేశారు, చుట్టూ పొలమంతా ప్లాట్లయింది. 1904లో స్వాన్ కుటుంబం కొనేటప్పటికి ఇల్లు పాడుబడింది. వాళ్ళు బాగుచేసుకుని కాపురమున్నారు. ఆ ఇంటి ఆడపిల్లలు 1968 దాకా ఆ పాత గోడలను కాపాడుతూ అందులోనే బతికారు. తర్వాత ట్రస్టు చేతికి, ఆపైన ప్రభుత్వం చేతికి వచ్చి 1984లో మ్యూజియంగా తెరిచారు. యూరప్‌వాళ్ళు ఆస్ట్రేలియాలో కట్టినవాటిలో ఇప్పటికీ నిలిచి ఉన్న అతి పాత కట్టడం ఈ ఇంట్లో భాగంగా ఉంది. ఆ అక్కచెల్లెళ్ళు మాలాగా అటాచ్డ్ బాత్రూం కోసం పడగొట్టి ఉంటే అంతా పోయేది.

బయటికి వచ్చేముందు అమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. "ఈ నూరెకరాలు వీళ్ళకు ఇచ్చినారు సరే. అంతకు ముందు ఎవురిది?"

ఇది బర్రమట్టగల్ జనం నేల, వాళ్ళు ఇక్కడి ఆదివాసులైన దరుగ్ ప్రజల్లో ఒక తెగ, అంది వాలంటీరమ్మ. పారమట్టా అనే పేరు వాళ్ళదే. వాళ్ళను అడిగి తీసుకున్నది కాదు. పెముల్వుయ్ అనే వీరుడు ఏళ్ళతరబడి పోరాడాడు, 1797లో మనుషులను కూడగట్టుకుని ఈ పారమట్టా మీదికే వచ్చాడు. ఒంటినిండా తూటా దెబ్బలు తగిలినా బతికి బయటపడ్డాడు. 1802లో కాల్చి చంపారు.

"నష్టపరిహారం ఇచ్చినారా?" అంది అమ్మ.

ఇవ్వలేదు.

మా అమ్మ పుట్టిన ఊరు సోమశిల రిజర్వాయరు కింద ముంపులో పోయింది. ఊరు ఖాళీ చేసిన రోజు అవ్వ పొయ్యి మీద మట్టి తీసి కొంగున కట్టుకుందని అమ్మ ఎప్పుడూ చెబుతుంది. వచ్చిన పరిహారం ఏ మూలకూ చాలలేదు. ఎలిజబెత్ కష్టం విని కళ్ళు తుడుచుకున్న మనిషే ఈ మాట దగ్గర చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. ఆ తర్వాత ఒక్కటే మాట అంది. "ఆయమ్మ కష్టం ఆయమ్మదే. వీళ్ళ నేల వీళ్ళదే." నాకైతే ఈ చరిత్ర ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇక్కడ కొందరు మెకార్థర్లను దేవుళ్ళను చేస్తారు, కొందరు ఆ ఇల్లే ఎందుకు అంటారు. రెండూ ఒప్పుకోను. ఇల్లు ఉంటేనే మా అమ్మ ఆ ప్రశ్న అడగగలిగింది.

మీ ప్రశ్నకు మిగిలిన జవాబు. ఇల్లంతా ఒకే అంతస్తు, మెట్ల బాధ లేదు. తోటలో పాత ఆలివ్ చెట్టు ఉంది, తప్పకుండా చూపించండి. అన్ని రోజులూ తెరవరు, వెళ్ళేముందు టైమింగ్స్ చూసుకోండి. కారు వీధిలోనే పెట్టుకోవాలి, వారాంతం హారిస్ పార్క్ వైపు పెడితే జాగా దొరకక టెన్షన్, నేరుగా ఆలిస్ స్ట్రీట్‌కే పోండి. ఓపికుంటే పక్కనే ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్ ఉంది, అదీ పాత సేద్యగాళ్ళ నేలే. కానీ రెండూ ఒకే పూట పెట్టుకోకండి. మేము గంట అనుకుని వెళ్ళి మూడున్నర గంటలు ఉన్నాం. వాలంటీర్లను తప్పకుండా మాట్లాడించండి, మీరు పక్కనుండి తర్జుమా చేయండి, ఫోన్ జేబులో పెట్టేయండి. చలికాలమైతే అమ్మగారికి స్వెట్టరు, కాళ్ళకు సాక్సు వేయండి. ఆ వరండాలో నీడ ఎక్కువ, కూర్చుంటే లేవబుద్ధి కాదు.